సముద్రానికి షట్టర్ లేదు

పోయినవి ముందు చెప్పేస్తాను. చెప్పులు ఏడు. మూడు జతలు పూర్తిగా పోగా, ఇంకొకటి ఒంటిది. కోదాడ బామ్మర్ది ఫోను ఒకటి. సూర్యాపేట వదిన నల్లకళ్లద్దాలు. స్టీలు డబ్బాల మూతలు రెండు, డబ్బాలు మాత్రం క్షేమం. సగం తిన్న మామిడి తొక్కు సీసా. ఉడకబెట్టిన గుడ్లు పద్నాలుగు, వాటిని కాకులు ఎత్తుకుపోయాయి. పిల్లల టెన్నిస్ బంతులు మూడు. మంకీ క్యాపు ఒకటి, అది తనదని ఇంతవరకు ఎవరూ ఒప్పుకోలేదు. మనుషులం పదిహేడు మందిమి వెళ్లాం, పదిహేడు మందిమీ తిరిగొచ్చాం. ఆ లెక్క ఆ రోజు ఎన్నిసార్లు వేశానో నాకే గుర్తులేదు.

మూడేళ్ల కిందటి చలికాలం మాట ఇది. మిర్యాలగూడలో ఒక రైసుమిల్లు కాంటా దగ్గర తూకం లెక్కలు, తాలుకూ తేమకూ కోసే తరుగు లెక్కలు చూస్తాను నేను. చదువు పదో తరగతి దగ్గర ఆగింది, లెక్కలు ఆగలేదు. అందుకే మా వాళ్లు ఎక్కడికి బయల్దేరినా మనుషుల్నీ సంచుల్నీ లెక్కపెట్టే పని నాకు వదిలేస్తారు. కానీ ఈ ప్రయాణం నేను పెట్టింది కాదు. మా మామ, అంటే నా భార్య తండ్రి, పట్టుబట్టి పెట్టించింది.

మామ గరిడేపల్లి వైపు కృష్ణ నీళ్లు పారే ఎడమ కాలువ మీద లస్కరుగా పనిచేసి రిటైరయ్యాడు. గట్టు వెంట నడవడం, షట్టర్లు ఎత్తడం, దించడం, గేజీ రాయి మీద నీళ్లు ఏ గీత దాకా ఉన్నాయో చూసి పై వాళ్లకు చెప్పడం, ఇదీ లస్కరు పని. ఆయనకు ఒక పాత స్నేహితుడున్నాడు. అదే కాలువ చిట్టచివర రెండెకరాల మాగాణి ఉన్న రైతు. కాలువ చివరి భూముల్ని మా వైపు టేలెండు అంటారు. కాబట్టి మా ఇంట్లో పెద్దలకూ పిల్లలకూ ఆయన టేలెండు మామ.

ఈ ఇద్దరికీ ఒక తగువుంది. చాలా ఏళ్ల కింద ఒక యాసంగిలో, కాలువ నిండుగా పారుతున్న రాత్రి, మామ ఎవరినీ అడక్కుండా పక్కతూము ఎత్తి నీళ్లను వాగులోకి వదిలేశాడు. కట్ట జారేటట్టు కనిపించిందని, తెగితే కింద ఊరు మునిగేదని ఆయన మాట. ఆ తర్వాత పై వాళ్లు కొన్ని రోజులు కాలువ బందు పెట్టారు. టేలెండు మామ వరి సరిగ్గా పొట్ట మీదుంది. రెండెకరాలూ ఎండిపోయాయి. అప్పటినుంచి ఏ పెళ్లిలో కలిసినా, ఏ పంక్తిలో కూర్చున్నా ఆయనది ఒకటే పాట: "నా నీళ్లన్నీ సముద్రంల కలిపిండు ఈ లస్కరు." అందరూ నవ్వుతారు. మామ కూడా నవ్వుతాడు. కానీ అత్త ఒకసారి నాతో చెప్పింది, "పైకి నవ్వుతడు గని అల్లుడా, ఆ మాట ఇన్న నాడు ఆయనకు నిద్ర ఉండదు" అని.

సూర్యాపేటలో వదిన వాళ్ల కొత్తింటి భోజనాల దగ్గర మళ్లీ ఆ పాటే మొదలైంది.

"ఓ లస్కరూ, ఆ పప్పు గిన్నె జర ఇటు పంపు. దాన్ని గూడ వాగుల ఇడువకు," అన్నాడు టేలెండు మామ.

ఆ రోజు మామ నవ్వలేదు. "నీళ్లు నీళ్లని ఎన్నేండ్లు పానం దీస్తవ్? పోదాం పా. కృష్ణ సముద్రంల కలిసేకాడికే పోదాం. నీ నీళ్లేవో గుర్తువట్టు, మోసుకొచ్చి నీ మడిల పోస్త."

"గుర్తువట్టకపోతె?"

"ఆ రాత్రి నేను చేసింది మంచిదే అని ఆడ నిలవడి ఒక్క మాటను. ఒక్కటే మాట. ఇగ ఆ లొల్లి ఖతం."

టేలెండు మామ విస్తరి మడిచి లేస్తూ, "అంట. గాడికి వోయినంకనే అంట," అన్నాడు.

బామ్మర్ది కోదాడలో మోటార్ల రిపేరు షాపు నడుపుతాడు. వాడు ఉత్సాహంగా, "కార్లో వెళ్లొచ్చు నాయనా, దగ్గరిదాకా రోడ్డుంది," అన్నాడు.

"నీళ్లు కార్ల పోయినయారా? నీళ్ల మీదనే పోవాలె," అన్నాడు మామ.

దాంతో బామ్మర్ది తన దగ్గర ఇంజిను సామాన్లు కొనే ఒక పడవాయనతో మాట్లాడాడు. మూడు చిన్న ఫైబర్ పడవలు, వెనక ఇంజిన్లు బిగించినవి; ఒకటి ఆయన, మిగతా రెండు ఆయన మనుషులు నడుపుతారు. ఒడ్డు వెంట పద్నాలుగు కిలోమీటర్లు వెళితే సంగమం. పొద్దున వెళ్లి మధ్యాహ్నానికి తిరిగి రావడం. చల్లటి నెలల్లో, ఉదయం పూట సముద్రం మెత్తగా ఉంటుందని, పిల్లలతో రావచ్చని పడవాయన చెప్పాడు. ఇద్దరు ముసలాళ్ల పందెం కాస్తా మూడు ఊళ్ల నుంచి పదిహేడు మంది విహారయాత్ర అయింది.

టెంపోలో నేనూ నా భార్యా పిల్లలూ మిర్యాలగూడలో ఎక్కాం. గరిడేపల్లిలో అత్తామామల్నీ టేలెండు మామనీ ఎక్కించుకున్నాం. కోదాడలో బామ్మర్ది కుటుంబం, అక్కడికి వచ్చి కాచుకున్న వదిన వాళ్లు కలిశారు. తెల్లవారేసరికి దివిసీమ చివర ఒక జాలరుల ఊళ్లో దిగాం. పొగమంచులో మూడు పడవలు, నీలం రంగువి, పక్కపక్కన ఊగుతున్నాయి.

ఎవరు ఏ పడవలో అన్నది నేను తేల్చాను. ఆరుగురు, ఆరుగురు, ఐదుగురు. ధాన్యం లారీకి వేసినట్టు, బరువు వెనక చక్రాల మీద పడాలనే అలవాటుతో, కాస్త ఒళ్లున్న వాళ్లందర్నీ వెనక కూర్చోబెట్టాను. పడవాయన చూసి నవ్వాడు.

"అయ్యగారూ, ఇది లారీ కాదండీ. వెనక ఇంజినుంది, బరువంతా అటే వేస్తే ముక్కు ఆకాశం చూస్తుంది. ఆ అక్కగారిని ముందుకి రమ్మనండి."

అక్కగారంటే మా సూర్యాపేట వదిన. "అంటే నన్ను బస్తా లెక్క ఇటేసి అటేస్తున్నరా? మరిదీ, నీ కాంటా మీద నేనెన్ని కిలోలు పడ్డ, చెప్పు."

"తరుగు తీసి చెప్పాల్నా, తీయకుండ చెప్పాల్నా?" అన్నాను. తర్వాత చాలాసేపు ఆమె నాతో మాట్లాడలేదు.

పడవలు కదిలాక నాకు అర్థమైంది, ఇన్నేళ్లూ నేను చూసిన నీళ్లన్నీ రెండు గట్ల మధ్యవే అని. ఇక్కడ ఒకవైపు సన్నగా ఇసుక గీత, దాని వెనక సరుగుడు తోటలు. రెండోవైపు ఏమీ లేదు. ఇంజిన్లు ఒకదానికొకటి పోటీగా అరుస్తున్నాయి. ముందు పడవ లేపిన అల మీద వెనక పడవ ఎక్కి దిగినప్పుడల్లా పిల్లలు కేకలు పెట్టారు. అత్త కొంగుతో చెవులు కట్టుకుని, రెండు చేతులతో చెక్కను పట్టుకుని, కళ్లు మూసుకుని, "అయిపోయిందా? అయిపోయిందా?" అని అడుగుతూనే ఉంది. బామ్మర్ది ఫోను పట్టుకుని నిలబడి వీడియో తీస్తున్నాడు. పడవాయన రెండుసార్లు కూర్చోమన్నాడు. మూడోసారి నా భార్య తమ్ముడి చొక్కా పట్టి గుంజింది.

ఇద్దరు ముసలాళ్లూ ముందు పడవలో ఎదురెదురుగా కూర్చున్నారు. టేలెండు మామ అప్పుడప్పుడు పక్కకు వంగి వేలు ముంచి నాలుక మీద పెట్టుకుంటున్నాడు.

"ఉప్పగున్నది. నావి గావు."

కాసేపటికి మళ్లీ. "ఇవి గూడ నావి గావు."

"అరే, ముందు ఆడికి పోనియ్యి," అన్నాడు మామ. ఆయన ముఖం మాత్రం వెలిగిపోతోంది. పొగమంచు విడిపోయి ఎండ నీళ్ల మీద పడ్డప్పుడు ఆయన లేచి నిలబడబోయాడు. నేనూ బామ్మర్దీ కలిసి కూర్చోబెట్టాం.

ఎనిమిది దాటాక పడవాయన ఇంజిను తగ్గించి, ఒడ్డులోకి చొచ్చుకుపోయిన ఒక పాయలోకి తిప్పాడు. ఫోనులో పటం చూశాను. పదకొండు కిలోమీటర్ల నాలుగు వందల మీటర్లు వచ్చాం. పాయ మొదట్లో, దాన్ని మొగ అంటారట, అడుగున ఇసుక మేట ఉంది. దాని మీదుగా పడవలు సులువుగానే జారాయి. లోపల రెండు వైపులా మడ చెట్లు, ఒకచోట తెల్లటి ఇసుక తిన్నె, నాలుగు సరుగుడు చెట్ల నీడ.

"ఇక్కడ టిఫిన్లు చేసేయండి. సంగమం దగ్గర దిగితే నీడుండదు," అన్నాడు పడవాయన. "కానీ పది గంటలకల్లా అందరూ పడవెక్కెయ్యాలండీ. ఆటు మొదలవుతుంది. నీళ్లు దిగితే ఆ మొగలో మేట దాటలేం."

అప్పటికి మామ నీళ్ల అంచున కూర్చుని ఒక పుల్ల గుచ్చాడు. ఆయన జీవితమంతా చేసిన పని అది. పుల్ల దగ్గర నీళ్లు ఎక్కనూ లేదు, తగ్గనూ లేదు. పాయంతా అద్దంలా నిలబడి ఉంది. ఎండుటాకు ఒకటి ఎక్కడ పడిందో అక్కడే ఉంది.

"ఫుల్ గేజీ," అన్నాడు మామ లేచి, పంచె దులుపుకుంటూ. "కదుల్తలేవు. కింద ఎవలో పట్టి పెట్టిండ్రు. గిట్ల నిలవడ్డ నీళ్లు ఊకె దిగయి. దిగాల్నంటె పైన ఒగడు షట్టర్ దించాలె. వాడు దించినా ఆ సంగతి చివర తెలిసేటాలకు పొద్దుగూకుతది. నిమ్మళంగ తినుండ్రి."

"పెద్దాయనా, ఇది సముద్రమండీ," అన్నాడు పడవాయన.

"నీళ్లు నీళ్లే నాయనా."

మా ఇంట్లో నీళ్ల విషయంలో మామ మాటకు తిరుగులేదు. నాట్లు ఎప్పుడు వేయాలో మా చుట్టాలంతా ఆయన్ని అడిగే వేస్తారు. కాబట్టి డబ్బాలు తెరుచుకున్నాయి. పులిహోర, సర్వపిండి, కోడికూర, రాత్రి కాల్చిన రొట్టెలు. అత్త ఇప్పుడు కళ్లు తెరిచి అందరికీ వడ్డించింది. పిల్లలు తిన్నె ఆ చివర క్రికెట్టు మొదలుపెట్టారు. ఎర్రటి చిన్న పీతలు ఫీల్డర్ల కాళ్ల మధ్య పరిగెత్తుతుంటే ఆట సగం, గంతులు సగం. వదిన చెట్ల కింద నడుం వాల్చింది.

పది గంటలకు పడవాయన చెప్పాడు. పదిన్నరకు మళ్లీ చెప్పాడు. "వస్తున్నరు, వస్తున్నరు," అన్నాడు మామ. అప్పటికే పుల్ల కింద తడి ఇసుక కనిపిస్తోంది. అది చూసి మామ, "జర దిగినట్టున్నది గని ఏం గాదు," అన్నాడు. నేను జనాన్ని పోగుచేయడం మొదలుపెట్టాను. పద్నాలుగు మంది దొరికారు. బంతి వెతకడానికి పోయిన ముగ్గురి కోసం ఇద్దర్ని పంపితే పన్నెండు మంది మిగిలారు. ఆ ముగ్గురూ వచ్చేసరికి వదిన నల్లకళ్లద్దాల కోసం వెనక్కి వెళ్లింది. పడవలెక్కేసరికి పన్నెండు కావచ్చింది.

మొగ దగ్గరికి రాగానే ముందు పడవ అడుగు బర్రుమంది. వెనక రెండూ దాని పక్కన వచ్చి ఆగాయి. పొద్దున మేం జారుకుంటూ వచ్చిన చోట ఇసుక మేట పైకి తేలి, దాని మీద కొంగలు తిరుగుతున్నాయి.

మగవాళ్లం దిగి తోశాం. మోకాలి దాకా రొంపి. చెప్పులు పోయింది ఇక్కడే. కాలు పైకొచ్చింది, చెప్పు రాలేదు. బామ్మర్ది వంగి తోస్తుంటే జేబులో ఫోను బుడుంగుమంది. "నా వీడియోలు!" అని వాడు అరిచిన అరుపుకు కొంగలు లేచిపోయాయి. పడవ మాత్రం కదల్లేదు. చివరికి ఆడవాళ్లనీ పిల్లల్నీ దించి, మళ్లీ తిన్నె మీదికి నడిపించాం. మేం అక్కడ మరిచిపోయిన గుడ్ల డబ్బా చుట్టూ కాకులు పంక్తి కూర్చున్నాయి.

మామ రొంపిలో నిలబడి పాయ వైపూ సముద్రం వైపూ మార్చి మార్చి చూస్తున్నాడు.

"ఎవడో షట్టర్ దించిండు," అన్నాడు.

బామ్మర్ది ముందు నవ్వాడు, ఆపైన అందరం.

"ఎవడో ఏంది, నీ తమ్ముడే ఎవడో ఈడ గూడ డ్యూటీ చేస్తున్నడు," అన్నాడు టేలెండు మామ పొట్ట పట్టుకుని. "నన్ను జూసిండు. టేలెండోడు వచ్చిండు, బందు పెట్టు అన్నడు."

"సముద్రానికి షట్టర్ లేదు పెద్దాయనా," అన్నాడు పడవాయన. ఆయన కోప్పడలేదు, మెల్లగానే అన్నాడు. "దానంతట అదే వెళ్తుంది, దానంతట అదే వస్తుంది. పొద్దున మీరు చూసింది పోటు నిండిన వేళ. అప్పుడు కాసేపు అలాగే నిలబడుతుంది."

"మళ్ల ఎప్పుడొస్తది?"

"నాలుగు దాటాక పడవ లేస్తుంది."

నేను కూడా ఊరుకోలేక పుల్ల గుచ్చి, నీళ్లు ఎంతసేపట్లో ఎంత దిగుతున్నాయో కొలిచి, మూడింటికే పడవ లేస్తుందని లెక్క కట్టి ప్రకటించాను. దిగే నీళ్లు అన్నివేళలా ఒకే వేగంతో దిగవని తర్వాత తెలిసింది. మూడింటికి పడవ ఇంకా ఇసుక మీదే ఉంది. వదిన నాతో మళ్లీ మాట్లాడటం మొదలుపెట్టింది కూడా అప్పుడే. "ఏం మరిదీ, తరుగు తీసినవా, తీయలేదా?"

అయితే అంతకుముందు ఒక సంగతి జరిగింది.

తిన్నె మీద అందరూ మళ్లీ కూర్చుని, మిగిలిన పులిహోర పంచుకుని, బామ్మర్ది ఫోను గురించి సంతాపాలు చెప్పుకుంటుంటే, మామ మాత్రం దూరంగా మొగ వైపు తిరిగి కూర్చున్నాడు. అత్త పిలిస్తే రాలేదు. కాసేపటికి టేలెండు మామ ఒక ఆకులో రెండు సర్వపిండి ముక్కలు పెట్టుకుని వెళ్లి పక్కన కూర్చున్నాడు. అత్త మంచినీళ్ల సీసా ఇచ్చి రమ్మంటే నేను వెళ్లి, వాళ్ల వెనక ఆగిపోయాను.

"తిను," అన్నాడు టేలెండు మామ.

మామ తీసుకోలేదు. "ఆ రాత్రి గూడ గిట్లనే ఉండెరా," అన్నాడు. "నిండుగ. కదలకుండ. లాంతరు పెట్టి చూసిన. కట్ట కింద తడి కొడుతున్నది. జారుతదనుకున్న. ఎత్తిన."

"ఊఁ."

"ఇయ్యాల పొద్దుగాల గూడ నాకు తెలుసనుకున్న. పుల్ల గుచ్చి మరీ చెప్పిన. ఏమైంది? ఒక్కటి గూడ నిజం గాలే. గిప్పుడనిపిస్తున్నది, ఆ రాత్రి గూడ తప్పు జూసిన్నేమో. ఏం గాని కట్టకు బయపడి నీ రెండెకరాలు ఎండవెట్టిన్నేమో."

అప్పటిదాకా నేను ఆ తగువును ఇద్దరు ముసలాళ్ల సరదా అనే అనుకున్నాను. మామ గొంతు విన్నాక సీసా ఇవ్వాలో, వెనక్కి పోవాలో తెలియక అలాగే నిలబడ్డాను.

టేలెండు మామ సర్వపిండి ముక్క ఒకటి తనే తుంచి తిన్నాడు. నమిలి మింగాక, "తెల్లారి నేను పోయి చూసిన ఆ కట్ట," అన్నాడు.

మామ ఇటు తిరిగాడు. "నువ్వా? ఎప్పుడు చెప్పలేదు?"

"నువ్వు అడగలేదు."

"ఏం జూసినవ్?"

"అది గాడ చెప్త. సంగమం కాడ. మాట అంటే మాట."

"అరే, ఇప్పుడు చెప్పరా!"

"ఇప్పుడెట్ల చెప్త? ఆడికివోయినంకనే అంటనని పప్పన్నం మీద మాటిచ్చిన. ముందు నడువు, పడవ లేపు."

"పడవ నేనెట్ల లేపుత!"

"మరి నన్నడుగుతవేంది. ఆ సముద్రాన్నడుగు."

మామ ఆయన చేతిలోంచి రెండో ముక్క లాక్కుని తిన్నాడు. నేను సీసా ఇచ్చి వచ్చేశాను.

రెండున్నర దాటాక బామ్మర్ది కూతురు మొగ వైపు చూపించి, "తాతా, నీళ్లు!" అంది. అందరం లేచాం. మేట మీద ఎండలో మెరుస్తున్న ఇసుక గుంటల్లో ఒకటి నిండింది. తర్వాత దాని పక్కది. సముద్రం వైపు నుంచి సన్నటి నురగ అంచు ఒకటి, చప్పుడు లేకుండా, పాయలోకి పాకుతూ వచ్చింది. కాసేపటికి పాయలో పడున్న ఎండుటాకులు లోపలికి, పై వైపుకు కదలడం మొదలుపెట్టాయి.

మామ నోరు తెరుచుకుని చూస్తున్నాడు. ఆయన చూసిన నీళ్లెప్పుడూ పైనుంచి కిందికే వచ్చాయి. పైన ఉన్నవాళ్లు తడుపుకున్నాక, మిగిలితే, చివరికి చేరాయి. ఇక్కడ చివరి నుంచే మొదలై పైకి పోతున్నాయి.

"టేలెండుకే ముందు!" అని టేలెండు మామ కేక పెట్టాడు. పంచె ఎగ్గట్టి ఆ నురగ అంచు ముందు చిన్నపిల్లాడిలా వెనక్కి నడుస్తున్నాడు. "సూసినవా లస్కరూ! ఈడ టేలెండోడు ముందు తడిసినంకనే పైనోడు! ఎవని సంతకం అక్కర్లే! నేను ఈడ్నే ఉంట, మీరు పోండ్రి!"

"ఉండు. ఉప్పునీళ్లల్ల వరి ఏస్కో," అని మామ కూడా నీళ్లలోకి దిగాడు. నవ్వుతున్నాడు, ఈసారి నిజంగా. ఇద్దరూ చీలమండల లోతు నీళ్లలో నిలబడి, అవి పిక్కల దాకా వచ్చేదాకా కదల్లేదు. ఆ ఫొటో తీసి ఉంటే బాగుండేది. తీసేవాడి ఫోను రొంపిలో ఉంది, మిగతావాళ్లం చూడటంలో మరిచిపోయాం.

నాలుగుంపావుకు పడవలు లేచాయి. మేట దాటి సముద్రంలోకి రాగానే మామ చెయ్యి అటు చూపించాడు, మేం వెళ్లాల్సిన వైపు.

"దగ్గర్నేనటగద నాయనా. పోయొద్దాం."

పడవాయన ఎండ చూశాడు, గాలి చూశాడు, పిల్లల్ని చూశాడు. "వెళ్లడం వెళ్లొచ్చండీ. వచ్చేసరికి చీకటి. గాలి కూడా లేచింది. ఇంతమంది పిల్లలతో వద్దు."

మామ వెనక పడవలో అత్త ఒళ్లో నిద్రపోతున్న మనవణ్ని చూశాడు. "తిప్పు," అన్నాడు.

పడవాయనకే మనసొప్పలేదు. తిరుగుదారిలో సగం దూరం వచ్చాక, ఇంజిను చప్పుడు మించి అరిచి చెప్పాడు: "మాట్లాడుకున్నది సంగమం దాకా. మిగిలింది నా బాకీ. ఎప్పుడొచ్చినా మిమ్మల్నిద్దర్నీ ఊరికే తీసుకెళ్తా."

"ఇన్నవా? నీ మాట గూడ బాకీనే," అన్నాడు మామ ఎదురుగా కూర్చున్న స్నేహితుడితో.

"ఇస్త. యాడికి పోత," అని టేలెండు మామ పక్కకు వంగి వేలు ముంచి నాలుక మీద పెట్టుకున్నాడు. ముఖం చిట్లించాడు.

ఆ తర్వాతి చలికాలం వెళ్దామనుకుంటే టేలెండు మామ వరికోతలు వెనకపడ్డాయి. మిషను దొరికేసరికి సముద్రం మీద గాలి మారింది. పోయినేడు తుపాను హెచ్చరికలు వచ్చాయి. పడవాయనే వద్దన్నాడు. ఈ మధ్యలో అత్త ఒకసారి టేలెండు మామను ఇంట్లో పట్టుకుని, "ఏం జూసినవో చెప్పరాదన్నా, ఈయన పరేషాన్ తగ్గుతది," అని అడిగింది. ఆయన చాయ్ తాగి, "చెల్లె, నేను చెప్పిన్నంటె ఈయన మల్ల పడవెక్కడు. మోకాళ్లు నొస్తున్నయని ఇంట్ల కూసుంటడు," అని లేచిపోయాడు.

మామ మాత్రం రోజూ పొద్దున పడవాయనకు ఫోను చేస్తాడు. "నాయనా, ఇయ్యాల నీళ్లు యాడున్నయి?" పోటు ఎన్నింటికి, ఆటు ఎన్నింటికి, నిలబడేది ఎంతసేపు, అన్నీ అడుగుతాడు. మొన్న మాడుగులపల్లి నుంచి వచ్చిన చుట్టాలకు ఆటుపోట్ల గురించి ఆయన పాఠం చెబుతుంటే, పక్కనే కూర్చున్న టేలెండు మామ ఒక్క మాట కూడా అడ్డు రాలేదు, తల ఊపుతూ విన్నాడు. ఈ చలికాలం ఇద్దరూ వెళ్లి తీరాలని అనుకుంటున్నారు. నన్నూ రమ్మన్నారు.

మిగిలిన దూరం ఎంత అన్న దగ్గర మాత్రం ఇంకా తేలలేదు. పడవాయన రెండు కిలోమీటర్లంటాడు. మామ మూడంటాడు. టేలెండు మామ ఎంతైనా ఒకటే అంటాడు. మేట దాటి పడవ వెనక్కి తిరిగిన చోటు నుంచి నేను పటంలో కొలిచి పెట్టుకున్నాను. ఈ రోజుకు బాకీ రెండు కిలోమీటర్ల ఆరు వందల మీటర్లు.